కళ్లం మీద మ్యాచి

మా ఆయన రామచంద్రప్ప బంతి పట్టుకుని పరుగెత్తితే మందలో గొర్రెలు కూడా చెల్లాచెదురయ్యేవని మా మామ బీరప్ప చెప్పేవాడు. మామ మాటల్లో సగం తీసేసి వినాలి. తీసేసినా మిగిలేది తక్కువేం కాదు. కురబలకోటలో గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి, మదనపల్లె కాలేజీలో చదువుకుంటూ, 1968లో జిల్లా క్రికెట్ జట్టు పిలుపు అందుకున్న మనిషి ఆయన. ఆ పిలుపు ఏటా వచ్చేది. ఏటా ఘాటు దిగి కింద జిల్లా కేంద్రానికి పోయేవాడు. అక్కడ పదకొండు మంది పేర్లు చదివేటప్పుడు ఆయన పేరు మాత్రం ఉండేది కాదు. నాలుగేళ్లు ఆడేవాళ్లకు నీళ్లు అందించి ఇంటికొచ్చాడు.

చివరికి ఒక పెద్దమనిషి ఉన్నమాట చెప్పేశాడట. "నువ్వు బాగా వేస్తావు, కాదనను. కానీ పేర్లు రాసే బల్ల దగ్గర మీ పై ఊళ్లవాడు ఒక్కడూ లేడు. నీ పేరు ఎవరెత్తుతారు?"

ఈ సంగతి నాకు పెళ్లయిన మొదటి వారంలోనే చెప్పాడు. కొత్త పెళ్లాంతో చెప్పుకోవాల్సిన కబుర్లా అవి? సినిమాకు తీసుకుపోతాడని నేను మంచి చీర కట్టుకుని కూర్చుంటే, మంచం మీద చతికిలబడి ఆ బల్ల గురించి చెప్పాడు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ కలిపి జిల్లా క్రికెట్ సంఘంలో ఒక శాఖ కావాలి. ఆ శాఖకు ఆ బల్ల దగ్గర ఒక కుర్చీ కావాలి. తన ఆట ఎట్లాగూ అయిపోయింది. ఇక ముందు పై ఊళ్ల పిల్లవాడెవడూ పేరెత్తేవాడు లేక వెనక్కి రాకూడదు. ఇదీ ఆయన పట్టు. ఆ రోజు సినిమా లేదు, ఆ తర్వాత కూడా పెద్దగా చూసింది లేదు.

కుర్చీ కడుపు నింపదు కదా. మా పుట్టిల్లు కుప్పం దగ్గర శాంతిపురం. మా అన్న దాసప్పది రాళ్లు చెక్కే పని. మా ఆయన అన్నతో కలిసి అక్కడే రాళ్ల యార్డు పెట్టాడు. రోళ్లు, తిరగళ్లు, అన్నిటికంటే ముఖ్యంగా కళ్లంలో రాగి వెన్నుల మీద ఎద్దులతో తోలే రాతి గుండ్లు. ఆయన చెక్కించే గుండు ఎక్కడా వంకర లేకుండా నున్నగా దొర్లేది. సదుం నుంచి మదనపల్లె దాకా పల్లెల్లో రైతులు 'రామచంద్రప్ప గుండు' అని పేరు పెట్టి అడిగేవాళ్లు. లారీ ఎక్కి తిరిగి అమ్మేది ఆయన. యార్డులో కూలీలు, లోడ్లు, తగాదాలు నా నెత్తిన. రాతిదుమ్ము పడి నా జుట్టు ముప్పై దాటకముందే నెరిసినట్టు కనిపించేది. అమ్మకాలు పెరిగాయి. సంపాదనలో కొంత బంతులకు, బ్యాట్లకు పోతుంటే నేను పళ్లు నూరుతూనే ఉన్నాను. ఆయన చెవిన పెడితే కదా.

మూడు ఊళ్ల పిల్లకాయలనూ ఒక్క తాటి మీదికి తేవడానికి ఆయనకు తల ప్రాణం తోకకొచ్చింది. మదనపల్లె వాళ్లకు ఇంగ్లీషు వచ్చని టెక్కు. పుంగనూరు వాళ్లకు అందరికీ నడుమ ఉన్నామని టెక్కు. కుప్పం వాళ్లకు మూడు భాషల్లో తిట్టగలమని టెక్కు. ఎవరి ఊరి పేరు ముందు రావాలనే దగ్గర రెండు సమావేశాలు కొట్లాటతోనే ముగిశాయి. మా ఆయన గొంతు పెంచేవాడు కాదు. వాళ్లంతా అలిసిపోయేదాకా కూర్చుని, తర్వాత మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. రాళ్లతో పనిచేసి నేర్చుకున్న ఓపిక అది. నాకైతే ఒక్కొక్కరికీ చెంప పగలగొట్టాలనిపించేది.

మొత్తానికి జిల్లా సంఘం ఒప్పుకుంది, ఒక షరతు మీద. శాఖ కావాలంటే సరైన గ్రౌండు ఉండాలి. వాళ్ల మనిషి వచ్చి, అక్కడ ఒక మ్యాచి చూసి, బాగుందంటేనే శాఖ. బాగాలేదంటే ఇంకెప్పుడో.

గ్రౌండు కోసం తిరిగి తిరిగి పుంగనూరు దాటాక సదుం రోడ్డు పక్కన ఒక బీడు పట్టాడు. అది రంగనాయకమ్మది. మొగుడు పోయాక సొంతంగా సేద్యం చేయించే రైతు ఆమె, ఊళ్లో ఆమె మాటకు ఎదురు లేదు. మా దగ్గర గుండు కొన్న మనిషే. మా ఆయన పోయి అడిగితే బాడుగ కూడా వద్దంది.

"బీడే గదప్పా. సదును సేసుకోండి. నాకూ పనికొస్తాది" అందట.

మా ఆయన చెవులకు 'సదును సేసుకోండి' దాకానే వినిపించింది. మిగతాది వినే ఓపిక సంతోషంలో ఎవరికుంటుంది?

యార్డులో ఉన్న గుండ్లలోకెల్లా పెద్దది లారీలో వేసుకుపోయాడు. పుంగనూరు కుర్రాళ్లతో బీడు నడుమ నేల తవ్వించి, చెరువు మట్టి పోయించి, నీళ్లు చల్లి, రెండు నెలలు గుండు తోలించాడు. మేకలు రాకుండా చుట్టూ కంప వేయించాడు. పగుళ్లు పడితే పూడ్పించాడు. దాని మీద నార పట్టా పరిచి, మేకులు కొట్టి ఆడతారు. పట్టా కింద నేల ఎంత గట్టిగా, ఎంత నున్నగా ఉంటే బంతి అంత చక్కగా లేస్తుందట. ఊరంతా పొలాలకు పోతూ వస్తూ ఇదంతా చూసింది. ఎవరూ ఏమీ అడగలేదు. అడగాల్సిన అవసరం వాళ్లకు కనిపించలేదు.

1981 కార్తీకంలో ఒక శనివారం మధ్యాహ్నం లారీలో పట్టా, వికెట్లు, వంట గిన్నెలు, చలికి కప్పుకోవడానికి మా మామ ఇచ్చిన గొర్రెబొచ్చు కంబళ్లు వేసుకుని బయలుదేరాం. రెండు జట్లకు వండి పెట్టాలి కాబట్టి నన్నూ ఎక్కించాడు. కుప్పం పిల్లకాయలు లారీలోనే ఎక్కారు, మిగతా రెండు ఊళ్లవాళ్లు నేరుగా అక్కడికి వచ్చేశారు. మర్నాడే సంఘం మనిషి వచ్చేది. కంప దగ్గర దిగి లోపలికి చూశాం.

పిచ్ మీద పచ్చగా పేడ అలికి ఉంది. అలికిన చోట రాగి వెన్నులు మోకాలెత్తున పరిచి ఉన్నాయి. వాటి మీద రెండెద్దులు మా గుండునే లాగుతూ గుండ్రంగా తిరుగుతున్నాయి. రంగనాయకమ్మ కొంగు బిగించి, చేటతో నిలబడి ఉంది. మమ్మల్ని చూసి ముఖమంతా నవ్వు చేసుకుంది.

"రాప్పా రామచంద్రప్పా. మొన్నటి వానకు మా కళ్లం బురదయి సచ్చింది. నువ్వు సదును సేసి పెట్టినావు గదా అని ఈడ పోసినా. ఏం నేలప్పా ఇది! అద్దం మాదిరి ఉండాది. నీ సెయ్యి సల్లగుండ."

మా ఆయన ఎద్దుల వంకే చూస్తున్నాడు. నేను అందుకున్నాను.

"ఆటకమ్మా ఇది! రేపు ఆట ఉండాది ఈడ!"

"ఆటయితే ఆడుకోండి, యెవురొద్దనింది? పిల్లకాయల ఆటకు ఇంత నేల యాల? గుండు తోలి, కంప ఏసి, మేకల్ని తరిమితే కళ్లం గాకుంటే ఏందనుకోవల్ల?"

ఆమె అన్నదీ నిజమే. మా పల్లెల్లో కళ్లం ఒకసారి సిద్ధమైతే పక్కవాళ్లు కుప్ప పోస్తామంటే కాదనకూడదు. అది కట్టుబాటు. తడిసిన ధాన్యం మొలకెత్తుతుంటే అడిగే వ్యవధి కూడా ఉండదు. ఇంకో సంగతి, కళ్లంలో ధాన్యం పడ్డాక దాన్ని తూర్పారబట్టి, కొలిచి ఎత్తాలే గాని మధ్యలో జరపరాదు. జరిపితే ఆ ఏటి కలిసొచ్చేది పోతుందంటారు. చెప్పులతో అందులో అడుగుపెట్టరాదు. ఇవన్నీ మా ఆయనకు తెలియనివి కావు. ఊరూరూ తిరిగి కళ్లం గుండ్లు అమ్మిన మనిషి, గుండు తోలిన నేలను జనం ఏమనుకుంటారో మర్చిపోయాడు! ఆ మాట మొహం మీదే అనేశాను. ఆయన ఒక్క క్షణం నా వంక చూసి, చెప్పులు కంప బయట విడిచి, పంచె ఎగగట్టాడు.

"రేయ్, అందరూ రాండి. పొద్దుగూకేలోగా నూర్చేద్దాం" అన్నాడు.

మూడు ఊళ్ల ఆటగాళ్లూ కళ్లంలోకి దిగారు. మదనపల్లె పిల్లలు కొందరు ముఖాలు ముడుచుకున్నారు. కుప్పం వాళ్లు వాళ్లను మూడు భాషల్లోనూ వరసగా తిట్టి దించారు. వెన్నులు తిరగేసేవాళ్లు, ఎద్దుల్ని తోలేవాళ్లు, గడ్డి దులిపి పక్కకు వేసేవాళ్లు. చీకటి పడేసరికి నూర్పిడి అయిపోయి, పొట్టుతో కలిసిన రాగులు పిచ్ నడుమ ఒక పెద్ద రాశిగా నిలబడ్డాయి. పొద్దున్నే గాలి తగిలితే తూర్పారబట్టి, కొలిచి ఎత్తేయొచ్చు. మ్యాచి పదింటికి. సరిపోతుందనుకుని పడుకున్నాం.

తెల్లవారింది. గాలి లేదు. ఆకు కదల్లేదు. రంగనాయకమ్మ చేటెత్తి పోసి చూసింది. రాగులూ పొట్టూ కలిసే కింద పడ్డాయి. ఎనిమిదయింది, తొమ్మిదయింది. మా ఆయన ఆకాశం వైపు చూడడం, రోడ్డు వైపు చూడడం. పదవుతుండగా బస్సు దిగి సంఘం మనిషి రానే వచ్చాడు. వెంకటేశులు ఆయన పేరు. తెల్ల ప్యాంటు, నల్ల బూట్లు, చేతిలో గొడుగు. మంచివాడిలాగే ఉన్నాడు.

"కింద వానలకు మా గ్రౌండ్లన్నీ మడుగులయిపోయినాయి, ఆటల్లేవు. ఖాళీగా ఉండి నేనే వస్తానన్నాను" అంటూ నడిచి, కంప దాటబోయాడు.

"బూట్లిడిసి రాప్పా, కళ్లం" అంది రంగనాయకమ్మ.

ఆయన ఆగి, పేడ అలికిన నేలనూ, రాశినీ, గడ్డి తుంపులు అంటిన ఆటగాళ్లనూ చూశాడు. బూట్లు విడవలేదు, లోపలికీ రాలేదు.

"రామచంద్రప్పా, గ్రౌండని చెప్పి పిలిచినావు. ఇది కళ్లం. నేనేమని చెప్పేది అక్కడ? పన్నెండు గంటల బస్సుకు నేను పోవాలి. ఈ ధాన్యం పక్కకు ఎత్తి పోయించు. అరగంట పని. నాలుగు ఓవర్లు చూసినా చాలు నాకు."

అందరం రంగనాయకమ్మ వైపు చూశాం. నాకైతే ఆ రాశిని నేనే గంపలకెత్తి పక్కన కుమ్మరించాలనిపించింది. ఎనిమిదేళ్లుగా ఆ కుర్చీ మాటే వింటున్న దాన్ని. ఆయన నిద్రలో కూడా పేర్లు కలవరించడం విన్న దాన్ని. కుప్పెడు రాగుల కోసం అదంతా నేలపాలవుతుంటే ఒళ్లు మండిపోయింది.

రంగనాయకమ్మ కూడా మా ముఖాలు చూసింది. పోయిన ఏడు వానల్లేక ఆమెకు గింజ రాలేదు. ఈ ఏడు చేతికొచ్చింది ఈ రాశే. కొంగు కొస నలుపుతూ, తల తిప్పుకుని చెప్పింది.

"ఎత్తేయండప్పా. ఇంత దూరం వచ్చినాడు మనిషి. ఎత్తేయండి, పోతే పోయింది."

కుర్రాళ్లు గంపలకు వంగారు.

"తాకొద్దండ్రా!" అన్నాడు మా ఆయన. నేనెప్పుడూ వినని గొంతు అది. వంగినవాళ్లు వంగినట్టే ఆగిపోయారు. ఆయన వెంకటేశులు దగ్గరికి నడిచాడు.

"సార్, ఆమె నోటితో ఎత్తమంటాది గాని మనసుతో గాదు. కొలవని రాశి జరపం మేము. మీరు పనికిరాదనుకుంటే అట్లే సెప్పండి."

"నీ మంచికే చెప్తున్నా కదయ్యా. ఏటా ఈ నెల కళ్లమైతే అది గ్రౌండు ఎట్లవుతుంది?"

"కింద ఈ నెల మీ గ్రౌండ్లు ఏమయినాయి సార్?"

వెంకటేశులు గొడుగు చేయి మార్చుకున్నాడు.

"మడుగులయినాయని మీరే సెప్తిరి. ఏటా ఇదే కత. అయినా వాటిని గ్రౌండ్లు గాదని యెవురూ అన్లా. వానకు ఆట ఆపుకుంటాండారు. మా ఆట రాగులకు ఆగుతాది. తప్పేముండాది? కార్తీకం మాకు వద్దు. మిగిలిన నెలల్లో యెప్పుడొచ్చినా ఈ నేల మీద బంతి లేస్తాది. మీరు వేసే ఆటల పట్టీలో ఆ నెల మా పేరు రాయకండి, సాలు. ఇన్నాళ్లూ ఈ మాట మీకు సెప్పేవాడు లేకపాయె. అందుకే ఆ కుర్చీ అడుగుతాండా."

మా ఆయన అన్ని మాటలు ఒక్క బిగిన మాట్లాడడం పెళ్లయినాక అదే మొదలు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పొట్టు పడిందని కొంగుతో తుడుచుకున్నాను గానీ, పొట్టు కాదు అది.

వెంకటేశులు గొడుగు నేలకు ఆనించి రాశి వైపు చూశాడు.

"ఎంతసేపు పడుతుంది ఇది కొలవడానికి?" అన్నాడు చివరికి.

"గాలొస్తే గంట" అంది రంగనాయకమ్మ.

"గాలి రాకుంటే?"

"తెప్పిస్తాం" అన్నాడు మా ఆయన.

లారీలోంచి కంబళ్లు దింపాడు. గాలి లేని రోజు మా వైపు ఇద్దరు మనుషులు దుప్పటి చెరొక వైపు పట్టుకుని విసురుతారు, ఆ విసురుకు పొట్టు ఎగిరిపోతుంది. దుప్పటికే మనుషులు కాసేపట్లో అలిసిపోతారు. ఇవి గొర్రెబొచ్చు కంబళ్లు, తడిసిన గోనెల్లా బరువు. అయితే అక్కడున్నవాళ్లు బంతులు విసిరే భుజాలవాళ్లు. ఒక కొస మా ఆయన పట్టాడు, ఇంకో కొస కుప్పం కుర్రాడు నాగరాజు. విసిరారు. రంగనాయకమ్మ చేట ఎత్తి పోసింది. పొట్టు దూరంగా పోయి పడింది, రాగులు ఎర్రగా ఆమె కాళ్ల దగ్గర రాలాయి.

"అట్లప్పా! అట్ల!" అని అరిచింది ఆమె, చిన్నపిల్లలా.

జత మారుతూ జత విసిరారు. మదనపల్లె వాడూ పుంగనూరు వాడూ ఒకే కంబళి పట్టుకోవడం నేను ఆ రోజే చూశాను. మా ఆయన మాత్రం కొస వదల్లేదు. వద్దన్నా వినలేదు. చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయింది. పన్నెండు గంటల బస్సు హారను కొడుతూ రోడ్డు మీద పోయింది. వెంకటేశులు తల తిప్పి చూశాడు గానీ లేవలేదు. గడ్డి మోపు మీద కూర్చుని ఉన్నాడు.

శుభ్రమైన రాశికి రంగనాయకమ్మ దణ్ణం పెట్టుకుని కొలత మొదలుపెట్టింది. మొదటి కొలతకు ఒకటి అనకుండా "లాభం" అంది, మా వైపు అందరూ అనేట్టే. కొలిచింది కొలిచినట్టే గోతాలకెత్తారు. ఊడ్చిన నేల మీద పట్టా పరిచి మేకులు కొట్టారు. అప్పటికి పొద్దు నడినెత్తి దాటింది.

బంతి లేచింది. పేడ అలికి, గుండు తోలి, ఎద్దులు తొక్కిన నేల కదా, బండలా ఉంది. నాగరాజు వేసిన మూడో బంతి మదనపల్లె కుర్రాడి గడ్డం పక్కగా పోయింది. వాడు బిత్తరపోయి చూస్తుంటే ఊరు ఊరంతా గోల చేసింది. ఎవరు ఎటువైపు ఆడుతున్నారో తెలియకపోయినా అందరికీ చప్పట్లు కొట్టారు. వెంకటేశులు బూట్లు విడిచి పట్టా దాకా వచ్చి, వంగి నేలను వేలితో నొక్కి చూశాడు.

ఆట ముగిశాక కొత్త రాగుల సంగటి ఇంకా లేదు గానీ, నేను చేసిన పాత రాగి సంగటి, పులగూర ముద్దకు ముద్ద లాగించి చేయి కడుక్కుంటూ చెప్పాడు వెంకటేశులు.

"శాఖ ఇవ్వమని రాస్తాను. కార్తీకం సంగతి కూడా రాస్తాను. కుర్చీ వేస్తారు. అయితే రామచంద్రప్పా, వేసిన కుర్చీలో మనిషి కనిపించాలి. మీటింగులంటారు, సెలక్షన్లంటారు, వారంలో రెండు రోజులు కింద ఉండాల్సి వస్తుంది. రెండు మూడుసార్లు ఖాళీగా కనిపిస్తే తీసేసి పక్కన పెడతారు. వచ్చే ఆదివారమే మొదటి మీటింగు. ఎవరొస్తారు?"

మా ఆయన లారీ వైపు చూశాడు. నూర్పిళ్ల కాలమే గుండ్లు అమ్ముడయ్యే కాలం. ఈ రెండు నెలల బేరం మీదే మా ఏడాది గడవాలి. లారీ ఎక్కి ఊరూరూ తిరిగేది ఆయన ఒక్కడే. అన్న దాసప్ప ఉలి వదిలి కదలడు. ఆయన ముఖం నేను అంతకు ముందు చూడని ముఖం. ఆశపడిన వస్తువు చేతికందాక, పట్టుకోవడానికి చేయి ఖాళీ లేదని తెలిసినవాడి ముఖం. నాకది చూడబుద్ధి కాలేదు.

"ఈయనే వస్తాడు" అన్నాను.

"గుండ్లు?" అన్నాడు మా ఆయన నా వైపు తిరిగి.

"నేనమ్ముతా."

"నువ్వా? లారీ ఎక్కి, ఊరూరూ?"

"ఏం, రాయి నీ మాటే ఇంటాదా? చెక్కించేది నేను, లోడు చేయించేది నేను. అమ్మేది మాత్రం నా సేత గాదా? నువ్వు పో. పోయి గట్టిగా మాట్లాడు. ఊరికే తలూపి వస్తే ఇంట్లోకి రానీను."

ఆయన లేచి పట్టా చుట్టడం మొదలుపెట్టాడు. చాలాసేపటి దాకా నా వైపు చూడలేదు. లారీ ఎక్కేటప్పుడు మాత్రం నేను ఎక్కడానికి చేయి అందించాడు. పెళ్లయ్యాక అది కూడా మొదటిసారే.

ఆ ఆదివారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఘాటు దిగే బస్సెక్కాడు. నేను గుండ్ల లోడుతో సదుం వైపు పల్లెలకు లారీ ఎక్కాను. భయంగానే ఉంది. ఎక్కాను. బేరం ఎక్కడ మొదలుపెట్టాలో, ధర ఎక్కడిదాకా దించొచ్చో ఆయన రాత్రంతా నాకు చెప్పాడు. మొదటి ఊళ్లో నలుగురు రైతులు లారీ చుట్టూ చేరి "ఏమ్మా, రామచంద్రప్ప రాలేదా? గుండు ధరెంత?" అని అడిగేసరికి ఆయన చెప్పిందంతా ఎగిరిపోయింది. లారీ తొట్టి మీద నిలబడి, గుండు మీద చేయి వేసి, నా ధర నేనే చెప్పాను.